రాజుకు ఒక్క గెంతు

"ముందు ఆ చదరంగం పలకను పొయ్యిలో పెట్టు" అన్నాడు హేమనాథ్.

గ్యాసు పొయ్యిలో పలకను యాడ పెట్టేదని కాంచన నోటిదాకా వచ్చింది. మింగేసింది. నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఎవరికీ అన్నం దిగలేదు గానీ, మాటలు మాత్రం అందరూ బాగానే మింగతా ఉండారు.

"నీకే చెప్పేది."

"ఇనిపిస్తా ఉంది."

"ఇనిపిస్తే లెయ్యి మరి."

ఆమె లెయ్యలేదు. మణవాళనగర్‌లో ఆ ఇంటికి ఉండేది రెండే గదులు. ముందు గదిలో ఒకరికి కోపమొస్తే వెనక గదిలో ఇంకొకరు దాక్కునేదానికి లేదు. గోడకు ఆనుకోని హేమనాథ్ తండ్రి అరుణాచలం కూచోని ఉండినాడు. డెబ్బై ఆరేండ్ల మనిషి. భార్య పోయినాక అత్తిమంజేరిపేటలో చేను కౌలుకిచ్చేసి, ఆరేండ్ల కింద కొడుకు పంచన చేరినాడు. ఆయన పక్కన మనవడు ముకేశ్. తొమ్మిదేండ్లోడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకోని నేల చూస్తా ఉండినాడు.

"నాయనా, నిన్నే అడగతా ఉండేది. ఆ గెంతు నీకెవరు చెప్పినారు?"

"మా నాయన" అన్నాడు అరుణాచలం. "ఆయనకు వాళ్ళ నాయన."

"వాళ్ళు ఆడింది కళ్ళం కాడ, పొద్దుపోక. వీడు ఆడింది జిల్లా సెలెక్షన్‌లో. రూల్ ఉంటాదని తెలీదా? ఒక్క మాట ఎవర్నన్నా అడగకూడదా?"

పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో మడత పెట్టుకున్నాడు. ఏం పలకతాడు పాపం! ఆయన ఎరిగిన చదరంగంలో రాజుకు ఒక వరం ఉండేది. చెక్ పడకముందు, ఆట మొత్తానికి ఒకే ఒక్కసారి, రాజు గుర్రం మాదిరి గెంతొచ్చు. పళ్ళిపట్టు పక్క ఊర్లల్లో ముసలోళ్ళంతా అట్లే ఆడినారు. ప్రపంచమంతా అదే ఆట అనుకున్నాడు ఆయన. నీళ్ళు యాడైనా నీళ్ళే గదా అన్నట్టు.

నిన్న ఆదివారం తిరువళ్లూరులో, కల్యాణమండపంలో, రెండువందల మంది పిల్లకాయల నడుమ, ఐదో రౌండులో ముకేశ్ తన రాజును గెంతించినాడు. ఎదురు పిల్లోడు చెయ్యెత్తినాడు. ఆట చూసే సారు వచ్చి, "అప్పడి ఒరు మూవే కెడయాదు తంబి" అని, అట్లాంటి ఎత్తే లేదని, రాజును వెనక పెట్టించినాడు. లేదంటే లేదు. అంతటితో పోయుంటే బాగుండు. వీడేమనుకున్నాడు? నా గెంతును వాళ్ళు రద్దు చేసినారు, కాబట్టి నా గెంతు నాకింకా మిగిలే ఉంది అనుకున్నాడు. తొమ్మిదేండ్ల లెక్క అది. ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ గెంతించినాడు. రెండోసారి తప్పు చేస్తే ఓటమే. సారు రాసేసినాడు.

"ఎవర్రా నీకు నేర్పింది?" అన్నాడంట ఎదురు పిల్లోడు.

"మా తాత."

"మీ తాతకు చెస్సే తెలీదు."

"నువ్వే మోసగాడివి" అని అరిచి, బల్ల మీదుండే గడియారాన్ని తీసి కొట్టినాడు ముకేశ్. ఆ పిల్లోడికి కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడినాయి.

"కాంచనా, నీకర్థమయితా ఉందా? ఇది మూడో బడి" హేమనాథ్ గొంతు దిగిపోయింది. కోపం కంటే అది ఘోరంగా ఉండింది వినేదానికి. "మొదటి బడిలో కొరికినాడు. రెండో బడిలో బెంచి మింద నుంచి తోసినాడు. ఈ బడీ పోతే ఇంక ఎవరు చేర్చుకుంటారు వీణ్ణి?"

"ఎనిమిది నెలలు ఒక్క కంప్లెయింటు రాలేదు గదా."

"నిన్న వచ్చింది గదా."

ఆ ఎనిమిది నెలలు ఎట్లా గడిచినాయో కాంచనకే తెలుసు. అంతకుముందు ఒక్కచోట కుదురుగా నిలవని బిడ్డ. అన్నం తట్ట ముందర కూడా నిలబడే తినేవాడు. ఎవరన్నా ఒక మాటంటే, మాట పూర్తి కాకముందే చెయ్యి లేచేది. బళ్ళో అమ్మానాన్నల మీటింగులో హెడ్‌మిస్ట్రెస్సు ఒక కాగితం చదివింది. చెస్ ఆడితే పిల్లకాయలకు జ్ఞాపకశక్తి పెరుగుతాది, ఓర్పు వస్తాది, లెక్కలు వస్తాయి అని. పోయినేడు మీటింగులో యోగా గురించి కూడా ఇట్లాంటి కాగితమే చదివింది గనక కాంచన నమ్మలేదు. పెద్దాయన నమ్మినాడు. మరుసటి రోజే పలక కొనుక్కొచ్చినాడు.

ఆయన నేర్పింది రాజు, మంత్రి, ఏనుగు కాదు ముందు. చేతులు. "చేతులు తొడ కింద పెట్టుకో. ఎదుటోడు ఏమనుకుంటా ఉండాడో చూడు. వాడి కడుపులో ఏముండాదో కనిపెట్టినాకనే చెయ్యి తియ్యి." నెల తిరక్కముందే బళ్ళో కూడా కోపమొస్తే చేతులు తొడ కింద పెట్టుకుంటా ఉండాడని టీచరు చెప్పింది. లెక్క పూర్తిగా చదివినాకనే జవాబు రాస్తా ఉండాడనింది. ఒకరోజు వాడు వంటింట్లోకొచ్చి తల్లి మొహం చూసి, "అమ్మా, నీకిప్పుడు ఏడుపొస్తా ఉంది గదా" అన్నాడు. ఎదుటి మనిషికి కూడా లోపల అనేది ఒకటి ఉంటాదని వాడికి తెలిసిన రోజు అది. కాంచన ఆ రోజు నిజంగానే ఏడ్చింది.

"ఇంక నాయన వాడితో ఆడకూడదు" అన్నాడు హేమనాథ్. "ఊర్లో దించేసి వస్తా కావాలంటే."

"ఊర్లో ఎవరుండారు? ఇల్లు పడిపోయి మూడేండ్లాయ" అనింది కాంచన.

"అయితే ఇక్కడే ఉండనీ. ఆట మాత్రం వద్దు."

అంతలో కాంచన ఫోను మోగింది. హెడ్‌మిస్ట్రెస్సు. ఆమె కోపంగా మాట్లాడలేదు. అదే భయం. కొట్టించుకున్న పిల్లోడి తండ్రి, తిరుత్తణి ఆయన, కంప్లెయింటు వద్దని రాసిస్తే సరి, నాలుగు గంటల లోపల ఆ కాగితం నా టేబుల్ మింద ఉండాల, "ఇల్లేన్నా టీసీ వాంగిట్టు పోంగమ్మా" అనింది. లేకుంటే టీసీ తీసుకోని పొమ్మని చెప్పేదానికి కూడా అమ్మా అని పిలిచింది.

హేమనాథ్‌కు కవరైపేట్టై పక్క ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. కంపెనీ బస్సు రోడ్డు మీదకు వచ్చేసింది. "నువ్వు పోయిరా" అని భార్యతో అని, చెప్పులేసుకోని, తండ్రి వైపు చూడకుండా పోయినాడు.

"నేనూ వస్తానమ్మా" అన్నాడు అరుణాచలం. "తప్పు చేసినోణ్ణి నేను గదా."

కాంచన సరేననింది. అట్లా అనకుండా ఉండలేకపోయింది. ఎందుకంటే తప్పు చేసింది ఆయనొక్కడే కాదు.

నెలన్నర కింద బళ్ళో పీటీ సారు ఒక చిన్న పుస్తకం ఇచ్చి పంపినాడు. చెస్ రూల్స్, అరవంలో. పెద్దాయనకు అరవం చదవను రాదు. కాంచన వంటింట్లో నిలబడి చదివింది. రాజు ఏ దిక్కుకైనా ఒక్క గడి మాత్రమే. రెండుసార్లు తిప్పి చూసింది. గెంతు యాడా లేదు. చెబుదామని ముందు గదిలోకి వచ్చింది. తాతా మనవడూ పలక మీదికి వంగి ఉండారు. రెండు గంటలుగా ఆ గదిలో శబ్దం లేదు. పెండ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో అంత ప్రశాంతంగా ఆమె గిన్నెలు తోమింది లేదు. ఇప్పుడు ఇది తప్పు, అది తప్పు అని మొదలుపెడితే వాడు పలక తన్నేసి లేచిపోతాడేమో. రేపు చెబుదాంలే అనుకొనింది. పుస్తకాన్ని అలమరలో పేపరు కింద పెట్టింది. ఆ రేపు నిన్నటిదాకా రాలేదు.

ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

*

తిరుత్తణి రైల్లో జనం పలచగా ఉండారు. ముకేశ్ కిటికీ దగ్గర కూచున్నాడు. అరక్కోణంలో రైలు చానాసేపు నిలబడింది. వాడు అప్పుడు నోరు తెరిచినాడు.

"తాతా, మన గెంతు ఉండాదా లేదా?"

"మన ఊర్లో ఉండాది నాయనా."

"మరి ఆ సారుకు ఎందుకు తెలీదు?"

"ఆయనది ఏ ఊరో."

వాడికి ఆ జవాబు చాలింది. తలాడించి మళ్ళీ కిటికీ వైపు తిరిగినాడు. ఆ తలాడించడం కాంచన చూసింది. ఎంత నమ్మకం! పుస్తకం గురించి ఇప్పుడు చెబితే? ఇప్పుడు చెప్పి ఏం లాభం? కాగితం చేతికి రానీ, ఇంటికి పోయి నిదానంగా చెప్పుకోవచ్చు అనుకొనింది. వాయిదా వేసేదానికి మనిషికి కారణాల కరువా?

*

ద్వారకనాథ్‌కు తిరుత్తణిలో మోటారు సామాన్ల అంగడి. దెబ్బ తగిలిన పిల్లోడి తండ్రి ఆయనే. పైన ఇల్లు. తలుపు తీసిన భార్య సౌమ్య వాళ్ళను చూసి ఏమీ అనలేదు. ఇంటికొచ్చినోళ్ళకు ఇయ్యాల గనక నీళ్ళిచ్చింది. కూచోమనలేదు.

"ఒక్క అంగుళం కిందికి పడుంటే నా బిడ్డ కన్ను పోయుండు. అప్పుడు కూడా ఇట్లే ముగ్గురూ వచ్చి నిలబడేవాళ్ళా?"

"తప్పే అక్కా" అనింది కాంచన.

"తప్పే అంటే కుట్లు మానిపోతాయా?"

"మానవు అక్కా."

ఇంక తిట్టేదానికి ఏమీ దొరక్క సౌమ్య లోపలికి పోయింది. అంతదాకా ఆమె కొంగు వెనక దాక్కోనుండిన కొడుకు రఘు అప్పుడు కనిపించినాడు. పదేండ్లుంటాయి. కంటి మీద తెల్లటి పట్టీ. వాడు ముకేశ్‌ను చూసి వెనక్కి జరిగినాడు. ఆ జరగడం చూసి అరుణాచలం తల వంచుకున్నాడు.

ద్వారకనాథ్ చేతికి అంటిన గ్రీసు గుడ్డతో తుడుచుకుంటా అంగడి నుంచి పైకొచ్చినాడు. నలభై ఏండ్ల మనిషి. మొహం మంచిదే.

"కూచోండి పెద్దాయనా. సౌమ్యా, నిలబెట్టినావేమి వాళ్ళను? తెలుగోళ్ళా మీరు? ఏ ఊరు?"

"అత్తిమంజేరిపేట."

"అట్లా చెప్పండి. మాదీ పళ్ళిపట్టు పక్కే." ఆయన కుర్చీ లాక్కోని కూచున్నాడు. "హెడ్‌మిస్ట్రెస్సు నాకూ ఫోన్ చేసినాది. రాసిస్తాను. పిల్లకాయలు కొట్టుకుంటారు, దానికని ఒకడి చదువు చెడగొట్టే మనిషిని కాను."

కాంచనకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. "మీ మేలు మర్చిపోను అన్నా."

"ఆగమ్మా. ఒక్కటే. కుట్లు కాదు వీడి బాధ. మీవాడు అందరి ముందర వీణ్ణి మోసగాడు అన్నాడంట. నేను మోసం చేసినానా నాన్నా అని నిన్నటి నుంచి అదే అడగతా ఉండాడు. వీడు మోసం చెయ్యలేదని మీవాడు తన నోటితో చెప్పాల. అంతే నేనడిగేది."

అడిగింది ధర్మమే. అందరూ ముకేశ్ వైపు చూసినారు. వాడు కుర్చీలో కూచోని చేతులు తొడల కింద దాచుకోని ఉండినాడు.

"చెప్పు నాయనా" అనింది కాంచన.

వాడు తాత వైపు చూసినాడు.

"ముకేశ్. ఒక్క మాట. సారీ అని చెప్పు."

"కొట్టినందుకు సారీ" అన్నాడు వాడు. "మోసం చెయ్యలేదని చెప్పలేను."

"ఏమిరా?"

"అట్లా చెబితే తాత అబద్ధం చెప్పినట్టు అయిపోతాది గదమ్మా."

సౌమ్య లోపల నుంచి వచ్చి వాకిలి పట్టుకోని నిలబడింది. ద్వారకనాథ్ ఒక కాగితం, పెన్ను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ రాయలేదు. కింద అంగట్లో ఎవరో బేరమాడతా ఉండారు.

చెప్పాల్సింది ఇప్పుడే. కాంచనకు తెలుసు. రూలు వేరే నాయనా, మీ తాత అబద్ధం చెప్పలేదు, ఈ అబ్బాయీ మోసం చెయ్యలేదు, పుస్తకం నా దగ్గరుండింది, నేనే చెప్పలేదు. నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలు చెబితే సౌమ్య ఏమనుకుంటాది? తెలిసి కూడా పంపినావా అంటాది. ద్వారకనాథ్ ఒళ్ళో పెన్ను మూత పెట్టేస్తాడు. రేపు హేమనాథ్‌కు తెలుస్తాది.

ఆమె ఆలోచిస్తా ఉండగానే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ముకేశా, ఆ పిల్లోడు చెప్పిందే నిజం. అట్లాంటి గెంతు లేదు."

"ఉండాదన్నావు."

"సుమ్మా, ఊరికే చెప్పినా. ఓడిపోతే నువ్వు ఏడుస్తావని నేనే కల్పించినా."

"మీ నాయన చెప్పినాడన్నావు. మీ తాత..."

"అదీ అబద్ధమే."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మనవడి మొహం చూడలేదు. ఆ పిల్లోడి పట్టీ వైపు చూసినాడు. కాంచన నోరు తెరిచింది. ద్వారకనాథ్ పెన్ను మూత తీసినాడు. ఆమె నోరు మూసుకొనింది.

ముకేశ్ చానాసేపు తాతనే చూసినాడు. తర్వాత రఘు వైపు తిరిగి, పాఠం అప్పజెప్పినట్టు, "నువ్వు మోసం చెయ్యలేదు. సారీ" అన్నాడు.

రఘు మొహం విప్పారింది. పాపం, వాడికి కావాల్సింది అంతే.

ద్వారకనాథ్ అరవంలో ఆరు వరసలు రాసి కింద సంతకం పెట్టినాడు. కాగితాన్ని మడిచి కాంచన చేతికిచ్చినాడు. పెద్దాయన దిగాలుగా ఉండేది చూసి, ఊరట చెప్పాలని కాబోలు, భుజం మీద చెయ్యేసినాడు.

"ఎందుకు పెద్దాయనా అట్లా అనేసినారు? మా తాత కూడా అట్లే ఆడతా ఉండె. రాజుకు ఒక్క గెంతు. మా పక్క ముసలోళ్ళందరి ఆటా అదే గదా. ఇప్పటి రూల్ వేరే, అంతే. మీరు అబద్ధమాడింది ఏముండాది?"

మంచి మనిషి మంచిగా చెప్పిన మాట. గోరుచుట్టు మీద రోకటి పోటు పడిందని ఆయనకేం తెలుసు?

ముకేశ్ తల మెల్లగా తాత వైపు తిరిగింది.

*

మెట్లు దిగినారు. స్టేషన్ దాకా నడవాల. ఎండ మాడ్చేస్తా ఉంది. వాడు ఇద్దరి నడుమా నడవకుండా నాలుగడుగులు ముందర నడిచినాడు.

"నాయనా, చెయ్యి పట్టుకో, బండ్లొస్తాయి" అన్నాడు పెద్దాయన.

వాడు ఆగినాడు. చెయ్యి పట్టుకోలేదు.

"ఉండిందా, లేదా?"

"ఉండింది. మనూర్లో ఉండింది."

"మరి లోపల అబద్ధమని ఎందుకు చెప్పినావు?"

"నీ బడి కోసరం."

"అట్లయితే చేతులు తొడ కింద పెట్టుకోమన్నది?"

"అది నిజం నాయనా."

"ఎదుటోడు ఏమనుకుంటా ఉండాడో చూడమన్నది?"

"అదీ నిజమే."

"ఎట్లా నమ్మేది?" అన్నాడు ముకేశ్.

వాడు వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలీక అడిగినాడు. లోకంలో పెద్దోళ్ళంతా ఎన్నో అబద్ధాలు చెబుతారు, పిల్లకాయలు ఎట్లో పెరిగేస్తారు. కానీ ఈ బిడ్డ నిలబడింది ఒక్క మనిషి మాట మీద. ఆ మాటే పోయింది. అరుణాచలం దగ్గర జవాబు లేదు. కాంచన దగ్గర ఉండింది. ఆమె కాగితం సంచిలో భద్రంగా ఉందో లేదో చూసుకొనింది.

స్టేషన్లో ఆమె టికెట్లకు వరసలో నిలబడింది. సంచి పెద్దాయన పట్టుకున్నాడు. తిరిగొచ్చి ఆమె ఆయన టికెట్టు ఆయన చేతికిచ్చింది. రైలు వచ్చేటప్పటికి ప్లాట్‌ఫారం నిండిపోయింది. ఏదో కాలేజీ వదిలినట్టుంది.

"నువ్వు బిడ్డను తీసుకోని ఆడోళ్ళ పెట్టెలో ఎక్కమ్మా" సంచి చేతికిస్తా అన్నాడు ఆయన. "నేను వెనక పెట్టెలో ఎక్కుతా. కాగితం భద్రం."

"ఇంటికి పోయి ఒక ఆట ఆడుకోండి మామా. కొత్త రూలే వాడు మీకు నేర్పిస్తాడు" అనింది ఆమె, ఏదో ఒకటి అనాలని.

"వద్దమ్మా" అన్నాడు ముకేశ్, తాత కంటే ముందే. మర్యాదగా అన్నాడు. ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు.

పెద్దాయన నవ్వినాడు. నవ్వి, తువ్వాలు భుజం మీద సరిచేసుకోని జనంలోకి జరిగినాడు.

*

రైలు అరక్కోణం దగ్గరికి వచ్చింది. కాంచన గడియారం చూసుకొనింది. రెండూ ముప్పావు. తిరువళ్లూరులో దిగి ఆటో పట్టుకుంటే మూడున్నరకల్లా బళ్ళో ఉండొచ్చు. దేవుడా, ఒక్క రోజు, ఒక్క పని నెరవేరనీ.

రైలు నిలబడింది. జనం దిగతా ఉండారు, ఎక్కతా ఉండారు.

"అమ్మా" అన్నాడు ముకేశ్. "తాత ఈ రైల్లో లేడు."

"వెనక పెట్టెలో ఉండాడు."

"లేడు. ఎక్కలేదు. రైలు కదిలేటప్పుడు బెంచీ కాడే నిలబడి ఉండినాడు. నన్ను చూసి చెయ్యి ఊపినాడు."

"ఏమిరా! అప్పుడే చెప్పకూడదా?"

"నేను ఊపలేదు" అన్నాడు వాడు.

కాంచన సంచి తెరిచి ఫోను తీసి మామ నంబరు నొక్కింది. మోగింది. ఒళ్ళోనే మోగింది. సంచి అడుగున, ద్వారకనాథ్ రాసిచ్చిన కాగితం పక్కన, పెద్దాయన పాత ఫోను వణకతా ఉండింది. దాని కింద ఆయన రైల్వే టికెట్టు కూడా ఉండింది.

కాంచన హేమనాథ్‌కు చేసింది. షిఫ్టులో ఫోన్లు లాకర్లో పెట్టేస్తారు, ఎత్తడని తెలుసు, అయినా రెండుసార్లు చేసింది. ఊర్లో ఇల్లు లేదు. చేను ఇంకొకరి చేతిలో ఉంది. డెబ్బై ఆరేండ్ల మనిషి, ఈ ఎండలో, ఫోను లేకుండా, యాడికని పోతాడు? ఇప్పుడే దిగి ఎదురు రైలు పట్టుకుంటే తిరుత్తణిలో ఇంకా దొరకతాడు. బెంచీ కాడే ఉండొచ్చు. దిగితే మాత్రం నాలుగింటికి కాగితం చేరదు. మూడో బడీ పోతాది. ఇంక నాలుగో బడి లేదు.

ఆమె లేచింది. వాకిలి దాకా పోయింది. కమ్మీ పట్టుకోని ప్లాట్‌ఫారం మీద ఒక కాలు పెట్టింది కూడా. ఎదురు పక్క తిరుత్తణి పొయ్యే రైలు నిలబడి ఉండింది.

రైలు కూత పెట్టింది.

కాంచన కాలు లోపలికి తీసుకొనింది. వచ్చి బిడ్డ పక్కన కూచొనింది. సంచిని రెండు చేతులతో కడుపుకు అదుముకొనింది. రైలు మెల్లగా కదిలింది.

ముకేశ్ ఆమెనే చూస్తా ఉండినాడు.

"దిగలేదేమ్మా?"

"కాగితం ఇయ్యాల నాయనా. నీ బడి. ఇచ్చేసి, సాయంత్రం మీ నాన్నను పంపిద్దాం. తాత యాడికీ పోడు."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె వాడి మొహం చూడలేదు. కిటికీ చూసింది. వాడు అది కూడా గమనించినాడు.

"తిరుత్తణిలోనే చెబుదామనుకున్నా" అన్నాడు వాడు. "అప్పుడు కోపంగా ఉండింది. తర్వాత ఆలోచించినా. అరక్కోణంలో చెబితే మేలనుకున్నా. అక్కడైతే రైలు చానాసేపు నిలబడతాది గదా."

"ఎందుకురా?"

"నువ్వు దిగుతావనుకున్నా" అన్నాడు ముకేశ్.